పెరట్లో పడిన నవరంగుల పిట్ట: అడవి పక్షుల రంగులూ వింతలూ

గార_పంతులు · ఆదివారం, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. నిన్న తెల్లవారుజామున మా పెరటిలో మునగచెట్టు కింద ఒక చిన్న పక్షి కదలకుండా కూర్చొని కనిపించింది. గోరువంక కన్నా చిన్నది. తోక ఉందా లేదా అన్నంత పొట్టిది. వీపు ఆకుపచ్చ, రెక్క మొదట్లో మెరిసే నీలం, పొట్ట లేత గోధుమరంగు, తోక కింద కుంకుమ ఎరుపు, గొంతు తెలుపు, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లని పట్టీ. మా అమ్మగారు దానిని చూసి, ఎవరో పిల్లలు రంగులు పూసి వదిలేశారేమో అన్నారు. అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, అడుగున పాత తువ్వాలు పరచి, పిల్లి చేరని చీకటి గదిలో ఉంచాను. సాయంత్రం మూత తీయగానే రెండు గెంతులు వేసి, పక్కవారి అరటి తోటలోకి ఎగిరిపోయింది.

నాకు రెండు సందేహాలున్నాయి. దీని పేరేమిటి, ఇది కూడా సైబీరియా నుంచే వచ్చిందా అన్నది మొదటిది. కాకి, పిచ్చుక, పావురం వంటి మన ఊరి పక్షులు సాదాగా ఉండగా, ఉష్ణమండలపు అడవి పక్షులకు మాత్రం ఇన్ని రంగులు ఎందుకు అబ్బాయన్నది రెండవది. రేపు ఎనిమిదో తరగతి పిల్లలు తప్పకుండా అడుగుతారు, ఎందుకంటే పెట్టె విషయం అప్పుడే ఊరంతా తెలిసిపోయింది.

నాగావళి_తీరం · ఆదివారం, ఉదయం 9:15

పంతులుగారూ, మీ పెరటికి వచ్చినది పొన్నంగి పిట్ట. హిందీలో దీనిని నవరంగ్ అంటారు. మీరు చేసిన పని సరైనదే. అలసిన పక్షికి చీకటి, నిశ్శబ్దం కావాలి కాని, నోట్లో నీళ్లు పోయడం, చేతిలో పట్టుకొని ఫోటోలు తీయడం కాదు.

సైబీరియా మాట మాత్రం వదిలివేద్దాం. ఈ పిట్ట హిమాలయ పాదాల వద్దా, మధ్య భారతపు అడవులలోనూ గూడు కట్టి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ పోతుంది. ప్రయాణం రాత్రిపూట చేస్తుంది కనుక, అలసిపోయినవీ, దీపాల వెలుగుకు దారి తప్పి గోడలకు తగిలినవీ తెల్లవారేసరికి ఇలా పెరళ్లలో దొరుకుతాయి. మన శ్రీకాకుళం జిల్లాలో కొత్త పక్షి ఏది కనిపించినా సైబీరియా పేరు పెట్టడం అలవాటైపోయింది. తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలూ, తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతులూ సైతం దక్షిణాసియా పక్షులే.

ఒక సంతోషకరమైన విషయం చెప్పాలి. ఈ పక్షుల ప్రజాతికి శాస్త్రీయ నామమే ‘పిట్టా’. ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుడు వియెయో 1816లో పెట్టిన ఆ పేరు మన తెలుగు ‘పిట్ట’ నుంచి వెళ్లినదే. ఆఫ్రికా మొదలుకొని ఆస్ట్రేలియా దాకా, వాన అడవుల నేలమీద తిరిగే నలభైకి పైగా జాతులను ప్రపంచమంతా ఆ మాటతోనే పిలుస్తోంది.

ఉద్దానం_రైతు · ఆదివారం, మధ్యాహ్నం 1:05

మేడంగారు చెప్పిన పిట్ట మా జీడితోటలోకి ఏటా వస్తుంది. రాలిన ఆకులను ముక్కుతో పక్కకు తోసి పురుగులను ఏరుకుంటుంది. అది కనబడడం అరుదు. పొద్దు గుంకేవేళ రెండు ముక్కల ఈల మాత్రం వినబడుతుంది. అది అంత రంగురంగుల పక్షి అని నాకు చాలా ఏళ్ల దాకా తెలియదు. ఎండుటాకుల మీద వీపు తిప్పి నిలబడితే పది అడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనదు, ఎగిరినప్పుడు మాత్రం రెక్కలోని నీలం ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది.

వంశధార · ఆదివారం, రాత్రి 8:30

రంగుల విషయంలో నా అభిప్రాయం వేరు. వేడి దేశాలలో ఎండ ఎక్కువ, పూలూ పండ్లూ ఎక్కువ; అందుచేత పక్షులకూ రంగులు ఎక్కువ. దీనికి పెద్ద శాస్త్రం అవసరం లేదనుకుంటాను. అమెజాన్ పక్షుల ఫోటోలు చూసినవారెవరైనా ఇదే మాట అంటారు.

నాగావళి_తీరం · ఆదివారం, రాత్రి 9:50

వంశధారగారూ, మీ మాటలో సగం నిజం ఉంది. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో ప్రదర్శనశాలలలో దాచిన పక్షుల చర్మాలను, మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతితో సహా ఫోటోలు తీసి, 4,500కు పైగా జాతుల రంగులను కొలిచారు. భూమధ్యరేఖకు దగ్గరగా బతికే చిన్న పక్షులు ధ్రువాలవైపు బతికేవాటి కన్నా సుమారు 30 శాతం ఎక్కువ వర్ణమయంగా ఉన్నాయని తేలింది. దట్టమైన అడవిలో ఉండేవీ, పండ్లూ తేనే తినేవీ మరింత రంగులు తేలాయి. కాబట్టి పండ్ల మాట మీరు సరిగానే పట్టుకున్నారు.

అయితే ఎండ మాట నిలబడదు, ఎందుకంటే ఈ రంగుల పక్షులలో చాలావరకు బతికేది ఎండ సోకని నీడలో. పైగా ఉష్ణమండలపు అడవిలో మట్టిరంగు పిట్టలకూ కొదువ లేదు. ఫోటోలు తీసేవారు వాటిని వదిలేస్తారు, అంతే. మన పక్కనే, విశాఖ కొండలలో అబాట్స్ బాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట ఉంది. దాని బంధువర్గమంతా తూర్పు హిమాలయాలలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండగా, ఇది మాత్రం ఇక్కడ విడిగా మిగిలిపోయింది. మన ప్రాంతపు పక్షులను జీవితమంతా పరిశీలించిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజుగారి పేరును 1985లో ఈ ఉపజాతికి పెట్టారు. పొదలో దూరితే దానిని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు, కాని తూర్పు కనుమలకు అది ఏ మకావ్ చిలుకకూ తీసిపోని సొత్తు.

బొబ్బిలి_వీణ · సోమవారం, ఉదయం 6:55

నాదొక చిన్న సంగతి. మా ఇంట్లో లవ్‌బర్డ్స్ జత ఉంది, రెండూ ఆకుపచ్చవే. మొన్న పొదిగిన నాలుగు పిల్లలలో ఒకటి పూర్తిగా నీలంగా వచ్చింది. అమ్మిన దుకాణంవారిని అడిగితే, గింజలలో రంగు కలిసి ఉంటుంది, మేత మార్చండి అని వేరే డబ్బా అంటగట్టారు. నెల రోజులు అదే పెట్టినా నీలం పోలేదు. తిండి వల్ల రంగు మారుతుందా?

నాగావళి_తీరం · సోమవారం, రాత్రి 8:10

అమ్మా వీణా, మేత డబ్బు వృథా అయింది. మీవి నిజానికి ఆస్ట్రేలియాకు చెందిన బడ్జీలు అనే చిన్న చిలుకలు. మన దుకాణాలలో వాటినే లవ్‌బర్డ్స్ అని అమ్ముతారు. మీరు అడిగిన ప్రశ్నలోనే పంతులుగారి రెండవ సందేహానికి సగం జవాబు ఉన్నది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

చాలా పక్షులలో పసుపూ ఎరుపూ తిండి నుంచి వస్తాయి. అవి మన క్యారెట్టుకు రంగునిచ్చే కెరోటినాయిడ్ల వంటివి. పండ్ల నుంచీ పురుగుల నుంచీ ఒంట్లో చేరి ఈకలకు ఎక్కుతాయి. చిలుకలు మాత్రం ఈ దారిన పోవు. వాటి ఈకలలోని పసుపును, ఎరుపును అవే తయారు చేసుకుంటాయి, అందుచేత ఏ గింజలు పెట్టినా వాటి రంగు మారదు.

ఇక నీలం సంగతి. పక్షి ఈకలో నీలపు రంగు పదార్థం ఉండడం దాదాపుగా లేదు. ఈకలోని సన్నని పోగుల లోపల, మన గోళ్లకు ఆధారమైన కెరటిన్ పదార్థం బోలెడు గాలి గదులతో స్పంజిలా ఉంటుంది. ఆ గదుల పరిమాణం కాంతి తరంగం కొలతకు సరితూగడం వల్ల నీలపు కాంతి మాత్రమే బలంగా వెనక్కి తిరిగి వస్తుంది, మిగిలినది అడుగున ఉన్న నల్లని మెలనిన్ పొర మింగేస్తుంది. ఆ నీలం మీద పసుపు పూత పడితే చిలుక ఆకుపచ్చగా కనబడుతుంది. మీ పిల్లలో పసుపు తయారీ ఆగిపోయింది కనుక అడుగున ఉన్న నీలం బయటపడింది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లోపం అందితేనే ఇలా జరుగుతుంది. ఒక్క జన్యువులోని చిన్న మార్పే దీనికి కారణమని 2017లో తేల్చారు. మీ పిల్లకు ఏ జబ్బూ లేదు.

పంతులుగారూ, మీ తరగతిలో చూపించదగినది పాలపిట్ట ఈక. రోడ్డు పక్కన రాలిన రెక్క ఈక దొరికితే కిటికీ ముందు రెండు విధాలుగా పట్టండి. వెలుతురు మీ వెనుక నుంచి ఈక మీద పడితే నీలంగా ఉంటుంది. ఈకను వెలుతురుకు అడ్డుపెట్టి దాని గుండా చూస్తే నీలం పోయి మట్టిరంగు మిగులుతుంది. నీలం పోగును రాతిమీద పెట్టి సుత్తితో నలిపితే ఇక ఏ వైపు నుంచి చూసినా నీలం రాదు, ఎందుకంటే గాలి గదులు చితికిపోయాయి. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సర్ సి.వి. రామన్ 1934లో పక్షి ఈకల రంగులపై వ్యాసం రాసినప్పుడు పరిశీలించినది ఈ పాలపిట్టనే. ఆకాశం నీలంగా కనిపించే కారణం ఒక్కటే ఈకలకు సరిపోదని ఆయన వాదించారు. 1998లో దక్షిణ అమెరికా అడవులలోని కొటింగా అనే నీలపు పక్షి ఈకలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినవారు, ఆ గాలి గదుల అమరికలో ఒక క్రమం ఉందనీ, నీలం ఆ క్రమం వల్లనే పుడుతోందనీ చూపించారు.

ఎస్.కోట_కెమెరా · సోమవారం, రాత్రి 10:20

మేడంగారి టపా చదివిన తరువాత నా పాత ఫోటోలు తీసి చూశాను. ఒకే పాలపిట్ట ఉదయం ఒక నీలంలో, మబ్బు పట్టినప్పుడు ఇంకొక నీలంలో ఉంది. ఇన్నాళ్లూ తప్పు కెమెరాదే అనుకొని దానిని తిట్టుకున్నాను.

మా ఊరి దాపున ఒక పెద్ద రావిచెట్టు పండినప్పుడు పెద్ద వంకర ముక్కున్న బూడిదరంగు హార్న్‌బిల్ జతలు వస్తాయి. మూడేళ్ల క్రితం వేసవిలో ఒక తొర్రను దూరం నుంచి చూస్తూ వారం రోజులు గడిపాను. తొర్ర నోరంతా మూసుకుపోయి, నిలువుగా వేలు పట్టేంత చీలిక మాత్రమే మిగిలింది. మగ పక్షి వచ్చి, మెడను ఒక్కసారి ఊపి, గొంతులో దాచుకున్న రావిపండును ముక్కు కొసకు తెచ్చి చీలికలో అందించేది. అలా ఒకదాని తరువాత ఒకటి, నేను లెక్కపెట్టినంతలో పదిహేను పండ్లు వచ్చాయి. చివరి పండు జారి కింద పడితే, దిగి ఏరుకోకుండా కొత్త పండు కోసం తిరిగి చెట్టుకే పోయింది.

వంశధార · మంగళవారం, ఉదయం 7:30

మగ పక్షి తన ఆడ పక్షిని తొర్రలో పెట్టి గోడ కట్టేస్తుందని మా తాతగారు చెప్పేవారు. పక్షులలోనూ ఇంత కాఠిన్యం ఉందా అనిపించేది.

ఎస్.కోట_కెమెరా · మంగళవారం, ఉదయం 9:00

తాతగారి మాట కాదంటున్నందుకు మన్నించండి. గోడ కట్టుకునేది ముఖ్యంగా ఆడ పక్షే. లోపల కూర్చొని తన రెట్టనూ, తిన్న పండ్ల గుజ్జునూ ముక్కు పక్క భాగంతో అద్ది, తాపీమేస్త్రీలా నునుపు చేస్తుంది. కొన్ని జాతులలో మగది బయటి నుంచి మట్టి తెచ్చి ఇస్తుంది. పాములూ కోతులూ గుడ్ల జోలికి రాకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. లోపల ఉన్న కాలంలోనే ఆడ పక్షి రెక్క ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది కనుక, ఆ రోజులలో మగ పక్షి వేటగాడికి చిక్కితే లోపలి ప్రాణాలన్నీ ఆకలికి పోతాయి. అసలు కాఠిన్యం అక్కడ ఉంది. కొన్ని జాతులలో తల్లి ముందుగా గోడ పగలగొట్టుకొని బయటికి వస్తే, పిల్లలే మళ్లీ లోపలి నుంచి మూసుకుంటాయట.

పడమటి కనుమలలోనూ ఈశాన్య రాష్ట్రాలలోనూ ఉండే పెద్ద హార్న్‌బిల్‌కు ఇంకొక విద్య ఉంది. దాని మెడ మీదా, రెక్కల తెల్లని పట్టీల మీదా కనిపించే పసుపు ఈకలో పుట్టినది కాదు. తోక మొదట్లోని నూనె గ్రంథికి ముక్కు రాసి, ఆ పసుపు నూనెను తానే పూసుకుంటుంది.

బొబ్బిలి_వీణ · మంగళవారం, ఉదయం 9:25

పసుపు రాసుకునే పక్షి! మా అమ్మమ్మకు చెప్పాల్సిన సంగతి ఇది. ఇంతకీ హార్న్‌బిల్, టూకన్ ఒకటేనా?

ఎస్.కోట_కెమెరా · మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఒకటి కావు, దగ్గరి చుట్టాలు కూడా కావు. హార్న్‌బిల్ ఆసియా, ఆఫ్రికా ఖండాలది. టూకన్ మధ్య, దక్షిణ అమెరికాలది, దానికి దగ్గరి చుట్టాలు వడ్రంగి పిట్టలు. టోకో టూకన్ ముక్కు ఒంటి పొడవులో మూడోవంతు ఉన్నా, లోపల నురుగులాంటి ఎముక వల్ల చాలా తేలిక. అంత ముక్కు దేనికన్న ప్రశ్నకు 2009లో ఒక జవాబు దొరికింది: వేడిమిని చూపే కెమెరాతో గమనించగా, ఒళ్లు వేడెక్కినప్పుడు ముక్కులోకి రక్తం ఎక్కువగా పంపి వేడిని వదిలేస్తోందనీ, చల్లబడినప్పుడు ఆ రక్తాన్ని తగ్గిస్తోందనీ తేలింది. నిద్రపోయేటప్పుడు ఆ ముక్కును వీపు ఈకలలో దాచుకుంటుంది.

గార_పంతులు · మంగళవారం, సాయంత్రం 6:15

పిల్లల ప్రశ్నలు నన్ను దాటిపోయాయి. చెయ్యి తడిపి రుద్దితే రంగు వస్తుందా అని ఒకడు, రంగు పక్షిని తినవచ్చా అని మరొకడు అడిగారు. రెండవవాడిని కసరబోయి ఆగాను, ఎందుకంటే జవాబు నాకూ తెలియదు.

నాగావళి_తీరం · మంగళవారం, రాత్రి 9:05

ఇద్దరూ మంచి ప్రశ్నలే అడిగారు. ఆఫ్రికా అడవులలో టురాకో అనే పక్షి ఉంది. దాని రెక్కల ఎరుపు ట్యురసిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది, అందులో రాగి ఉంది; ఈ సంగతిని రసాయనజ్ఞుడు చర్చ్ 1869లో గుర్తించాడు. మన బుడితి కంచరులు చెంబులకు కరిగించే రాగే అక్కడ ఈకకు ఎరుపునిస్తోంది. వానకు ఆ రంగు కారిపోతుందన్న కథ ఉంది గాని, మామూలు నీటికి అది కదలదు; సబ్బు, సున్నం వంటి క్షారం కలిసిన నీటిలో మాత్రం కరుగుతుంది. టురాకో ఆకుపచ్చ కూడా నిజమైన ఆకుపచ్చ రంగు పదార్థమే. చిలుకలాగా నీలం మీద పసుపు పూసి తెచ్చుకున్నది కాదు. పక్షులలో ఇది చాలా అరుదు.

తినే ప్రశ్నకు న్యూగినీ జవాబు చెప్పింది. అక్కడి నారింజ, నలుపు రంగుల పిటోహుయి పక్షిని 1989లో డంబాకర్ అనే యువ పరిశోధకుడు వలలోంచి విడిపిస్తుండగా అది చేతిని గీరింది. మంట పుట్టి వేలు నోట్లో పెట్టుకుంటే పెదవులూ నాలుకా తిమ్మిరెక్కాయి. దాని చర్మంలోనూ ఈకలలోనూ ఉన్నది బట్రాకోటాక్సిన్ అని 1992లో ప్రకటించారు. కొలంబియాలో బాణాల కొసలకు పూసే కప్ప విషం కూడా అదే. పక్షి ఆ విషాన్ని తాను తయారు చేసుకోదు, తినే ఒక చిన్న పెంకుపురుగు నుంచి దానికి అందుతుంది. చర్మం ఒలవకుండా ఆ పక్షిని తినకూడదని స్థానికులకు ముందే తెలుసు. దానిని వారు పనికిరాని పక్షి అనేవారు. కాబట్టి పంతులుగారూ, ఆ పిల్లవాడిని కసరకపోవడం మంచిదైంది.

ఆమదాలవలస_జంక్షన్ · మంగళవారం, రాత్రి 10:45

ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నవాడినే, ఇప్పుడు నేనూ రెండు మాటలు కలుపుతాను. అమెజాన్ వాగుల ఒడ్డున హోట్జిన్ అనే పక్షి ఉంది. నీలపు ముఖం, ఎర్రని కళ్లు, నెత్తిన ఈకల కుచ్చు. చూడడానికి నాటకంలో రాజు వేషం. తినేది మాత్రం ఆకులు. ఆవు కడుపులో గడ్డి పులిసినట్టే దాని అన్నాశయంలో సూక్ష్మజీవులు ఆకును పులియబెడతాయి, అందుకని దాని దగ్గర పేడ వాసన వస్తుంది. దాని పిల్లలకు రెక్క కొసన రెండేసి గోళ్లుంటాయి. ప్రమాదం వస్తే గూటిలోంచి నీటిలోకి దూకి, ఈది, ఆ గోళ్లతో కొమ్మ పట్టుకొని మళ్లీ పైకి పాకుతాయి.

ఈక్వడార్, కొలంబియా అడవులలో ఉండే క్లబ్ వింగ్డ్ మనకిన్ మగ పక్షి రెక్కలతో పాడుతుంది. ఒక ఈకకు గట్లు ఉంటాయి, పక్క ఈక వంగిన కొస వాటిని గీరుతుంది. రెక్కలను వీపు మీద సెకనుకు వందకు పైగా సార్లు తాటించి ఫిడేలు తీగ వంటి ఒకే స్వరం పుట్టిస్తుంది. ఎగిరే పక్షికి ఎముకలు బోలుగా ఉండాలని మనం చదువుకున్నాం గాని, ఈ పాట కోసం దాని రెక్క ఎముక గట్టిపడి బరువెక్కింది. ఎగరడం కొంత కష్టమైనా సరే, పాడడమే ముఖ్యమనుకున్నట్టుంది.

వంశధార · బుధవారం, ఉదయం 6:50

ఎండ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే అడవి అంత చీకటి అయినప్పుడు ఇన్ని రంగులు ఎవరికి కనబడాలి?

నాగావళి_తీరం · బుధవారం, రాత్రి 8:40

పక్షికి కనబడాలి. మన కంటిలో రంగులను పట్టే కణాలు మూడు రకాలైతే, పక్షి కంటిలో నాలుగు. అతినీలలోహితం కూడా వాటికి రంగే. కాబట్టి మనం చూసే పక్షి, పక్షి చూసే పక్షి ఒకటి కావు.

చీకటిలో వెలుగును ఎలా వాడుకోవాలో స్వర్గపు పక్షులు చూపిస్తాయి. న్యూగినీ వ్యాపారులు కాళ్లు కోసి ఎండబెట్టిన వాటి చర్మాలు 1522లో మెజెల్లన్ ఓడతో ఐరోపా చేరాయి. కాళ్లు లేని పక్షి నేల మీద వాలదు, ఆకాశంలోనే బతుకుతుందని అక్కడివారు నమ్మారు. అది కట్టుకథ అని తెలిసిన తరువాత కూడా 1758లో లిన్నేయస్ ఒక జాతికి ‘అపోడా’, అనగా కాళ్లు లేనిది, అన్న పేరే ఉంచాడు. వాటిలో కొన్ని జాతుల మగ పక్షుల నల్లని ఈకలు, పడిన కాంతిలో 99.95 శాతం దాకా మింగుతాయని 2018లో కొలిచారు. ఆ పోగులు చదునుగా ఉండక నిలువుగా, ముళ్లపొదలా లేచి ఉంటాయి; లోపలికి వెళ్లిన కాంతి వాటి మధ్య తిరిగి తిరిగి అణగిపోతుంది. అంత నలుపు పక్కన చిన్న నీలపు మచ్చ ఉంటే అది దీపంలా వెలుగుతుంది. ఉద్దానం రైతుగారు చెప్పిన మెరుపు కూడా ఇలాంటిదే. పొన్నంగి పిట్ట నీలానికి పక్కన నలుపు ఉంది, చుట్టూ ఎండుటాకు ఉంది.

గార_పంతులు · గురువారం, సాయంత్రం 5:55

బస్టాండు దారిలో పాలపిట్ట ఈక ఒకటి దొరికింది. తరగతి కిటికీ ముందు పట్టుకొని చూపించాను. వెలుతురుకు అడ్డుపెట్టగానే నీలం పోయి ఎండిన తాటాకు రంగు కనబడింది. వెనుక బెంచీ వాళ్లు నమ్మక, ఒక్కొక్కరే వచ్చి తిప్పి చూసుకున్నారు, ఈక కొస నలిగిపోయేదాకా. సుత్తి పరీక్ష చేయలేదు. ఉన్నది ఒక్కటే ఈక, దానిని కొట్టవద్దని ఆడపిల్లలు పట్టుబట్టారు. కాకి ఈకను పెడితే ఏ రంగు వస్తుందని ఒక అమ్మాయి అడిగింది. రేపు తెమ్మన్నాను.

ఉద్దానం_రైతు · గురువారం, సాయంత్రం 6:20

పంతులుగారూ, ఇప్పుడే మా జీడితోటలో ఆ రెండు ముక్కల ఈల వినబడింది. మీ పెట్టెలోంచి వెళ్లినదో, మరొకటో చెప్పలేను.

నాగావళి_తీరం · గురువారం, రాత్రి 8:00

మరొకటే అయి ఉంటుంది. మీరు గారకు ఉత్తరాన ఉన్నారు, అది దక్షిణానికి పోతోంది. తోటలో రాలిన ఆకులను ఈ నెల ఊడ్పించకండి.